మన పెరటిలో కరీరము

వసంతర్తువు ప్రవేశించి, మావి చిగిర్చి, మోదుగ పూచి, వేప లేత రాగిరంగు చివుళ్లతో తలయెత్తు వేళ, ఒక్క ఆకునైనను తాల్పక పచ్చని పుల్లలతోను ముళ్లతోను నిలిచియుండు కరీరమును జూచి, ఇందు వసంతుని దోష మేమియు లేదనియు, అది దాని నొసట విధి వ్రాసిన వ్రాతయే యనియు భర్తృహరి తీర్పు చెప్పెను. పగలు కన్నుగానని గుడ్లగూబను, నోట వానచినుకు పడని చాతకమును దాని సరసనే నిలిపి, ఈ మూటిని దురదృష్టమునకు దృష్టాంతములుగా లోకమునకు చూపెను. ఆ మహాకవి సుభాషితములను ఏనుగు లక్ష్మణకవి, ఎలకూచి బాలసరస్వతి, పుష్పగిరి తిమ్మన తెలుగు చేసిరి. తరతరములుగా మన పిల్లలు వానిని వల్లించిరి. ఎడారి ముఖ మెన్నడును చూడని తెలుగువాని మనస్సునందు సైతము కరీర మొక అభాగ్యవృక్షముగా నాటుకొనిపోయినది. నీతి చెప్పబూనిన కవి దృష్టాంతమును వెదకును గాని వృక్షశాస్త్రము వ్రాయడు గనుక, ఆతని వాక్కును తప్పుపట్టుట నా యుద్దేశము కాదు. అయినను ఆ పొద పక్షమున ఒక మాట చెప్పవలసియున్నది. ఆకు విడిచియుండుట దాని బ్రతుకునకు మూలబలము. వేసవి వచ్చెనన్న బోరుబావులు వట్టిపోయి, నీటిబండ్ల కొరకు వీధి మొగలో ఎదురుచూచు మన పట్టణముల గృహస్థులకు, ఆ పొదకు తెలిసిన విద్య ఇప్పుడు మిక్కిలి అవసరమైనది.

వృక్షశాస్త్రజ్ఞులు దీనిని కప్పారిస్ డెసిడువా అని వ్యవహరింతురు. స్వీడను దేశీయుడైన ఫోర్‌స్కాల్ అను ప్రకృతిశాస్త్రవేత్త డెన్మార్కు రాజు పంపిన అరేబియా యాత్రలో పాల్గొని, మొక్కలను సేకరించుచునే 1763లో యెమెను దేశమున జ్వరపీడితుడై మరణింపగా, ఆ యాత్రికబృందములో ప్రాణములతో స్వదేశము చేరిన నీబూర్ అను నతడు 1775లో ఆతని వ్రాతలను అచ్చువేయించెను. ఈ పొదను గూర్చిన వర్ణనము పాశ్చాత్యశాస్త్రలోకమునకు అందినది ఆ గ్రంథము మూలముననే. సహారా యంచులనుండి ఈజిప్టు, అరేబియా, ఇరాను మీదుగా సింధు, పంజాబు, రాజస్థాన, గుజరాతు ప్రాంతముల వరకును, అచ్చటినుండి పలుచబడుచు దక్కను మెట్టల వరకును ఇది వ్యాపించియున్నది. మార్వాడు వారు కేర్ అందురు, వ్రజభూమివారు కరీల్ అందురు. మన వైపున దీని బంధువర్గము చిన్నది కాదు. కంచెలపై ప్రాకు ఆరుదొండయు, మెట్టపొలముల గట్టులమీద గుబురుగా పెరుగు ఉప్పియు ఈ కుటుంబములోనివే. ఐరోపీయులు మొగ్గలను ఉప్పులో ఊరవేసి ప్రీతితో భుజించు కేపరు మొక్కయు దీనికి దాయాదియే.

ఆకు చెట్టునకు వంటిల్లు వంటిది. సూర్యరశ్మియు, గాలియు, వేరు తెచ్చిన నీరును కలిసి ఆహారముగా మారుట అందే జరుగును. కాని గాలిని లోనికి రానిచ్చుటకై ఆకు తన సూక్ష్మరంధ్రములను తెరచినపుడెల్ల లోని నీరు ఆవిరియై వెలికిపోవుచునే యుండును. ఆకు ఎంత వెడల్పైన నష్ట మంత యెక్కువ. కరీర మీ చిక్కును మూలమునందే విడదీసినది. లేతకొమ్మలపై సన్నని చిన్న ఆకులు కొన్ని పుట్టి, అల్పకాలమునకే రాలిపోవును. అటుపై ఆహారము సిద్ధపరచు పని యంతయు పచ్చని కొమ్మలే వహించును. ఆ కొమ్మల చర్మము దళసరియై, మైనపు పూతతో నుండుటచే నీటి చుక్కను సులభముగా వదలదు. నేలక్రింద వేరు లోతునకు దిగి, పైవాన యెఱుగని తేమను వెదకి తెచ్చును. గాలి తెచ్చిన యిసుక పొద మొదట ఆగి తిన్నెగా పేరుకొనినచో కరీరము దానికింద సమాధి గాక, ఆ యిసుకనే పట్టి నిలిపి, దాని మీదికి మరల లేచును. ఇంత నిరాడంబరముగా బ్రతుకు మొక్క ఫాల్గుణ చైత్రములలో ఒక్కసారిగా ఇటుకరంగు పూలతో నిండిపోవుట చూచినవారు దానిని అభాగ్య మనజాలరు. ఆ పూలకై తేనెపిట్టలు వచ్చును. వైశాఖ జ్యేష్ఠములలో పండిన యెఱ్ఱని పండ్లకై పికిలిపిట్టలు మూగును, గింజలను దూరదూరములకు చేర్చును. వర్షర్తువు చివర మరియొకమారు పూచుటయు కలదు.

మన ప్రాచీనులు దీనిని వేరొక కంటితో కూడ చూచిరని చెప్పినచో చదువరులు కొందరు ఆశ్చర్యపడుదురేమో. కృష్ణయజుర్వేదమునందలి తైత్తిరీయ సంహితలో, అనగా తెలుగునాట వేదపండితులు విశేషముగా అధ్యయనము చేయు శాఖలో, వానలు కోరువారు చేయవలసిన కారీరీష్టి యను నొక యిష్టి విహితమైయున్నది. తేనెతో కలిపిన కరీరఫలములు అందు ముఖ్యద్రవ్యము. వాన లేనిచోట జీవించు పొద కాయలనే వానకై వేల్చుటలో నొక గాఢమైన భావన నాకు కనిపించుచున్నది. మహాభారతమున కర్ణపర్వములో వాయవ్యదేశముల ప్రసంగము వచ్చినచోట జమ్మి, పీలు, కరీర వృక్షముల వనములు కలిపి పేర్కొనబడినవి. నేటికిని ఆ మూడును ఆ మరుసీమలలో ఒకదాని సరస నొకటి పెరుగుచునే యున్నవి. వ్రజభాషాకవి రస్‌ఖాన్ కాంచనసౌధములకంటె కరీరనికుంజములే తనకు మిన్నయని పాడెను. భర్తృహరి దృష్టాంతము మనకు కంఠస్థమై, ఈ తక్కిన సాక్ష్యములు మరుగున పడిపోవుట శోచనీయము.

కాయ కడుపు నింపిన కథ

మార్వాడులో కరీరమును గౌరవించుటకు కావ్యములతో పనిలేదు. అచ్చట దానిని కడుపెఱుగును. జైసల్మేరు ప్రాంతమున సంవత్సరమునకు కురియు వాన సగటున 200 మిల్లీమీటర్లకు లోపే. అదియు నొక యేడు వచ్చి యొక యేడు రాకుండును. పైరు పండనప్పుడును ఫలించు చెట్టు లేవో అక్కడి స్త్రీలకు తెలిసినంతగా శాస్త్రజ్ఞులకు సైతము తెలియదు. వేసవి మొదట ముళ్లమధ్య చేతులు దూర్చి పచ్చికాయలను ఒక్కొక్కటిగా కోసి, చేదు విరుగునట్లు ఉప్పునీటిలోనో మజ్జిగలోనో కొన్నినాళ్లు మట్టికుండలో నానవేసి, కడిగి, ఎండబెట్టి యేడాది పొడుగున దాచుకొందురు. ఈ కేరు కాయలును, జమ్మికాయలగు సాంగ్రీయు, కుమట్ గింజలును, నక్కెర కాయలును, మామిడి ఒరుగును చేర్చి వండు పంచకూటా అను కూర పెండ్లి విందులందును వడ్డింపబడుచున్నది. విక్రమశకము 1956లో, అనగా 1899–1900 సంవత్సరములలో వచ్చిన ఛప్పనియా కరవున జనులు జమ్మిబెరడును సైతము పిండిచేసి తినిరని చెప్పుదురు. అట్టి సీమలో ఎండిన కేరు కాయల మూట ఇంట నుండుట ఎంతటి ధైర్యమో మనమూహింపవచ్చును. నేడు అవే కాయలు నగరముల అంగళ్లలో హెచ్చు వెలకు అమ్ముడుపోవుచున్నవి.

ఇట్టి మొక్కలను కాదని పరాయి పచ్చదనమునకు ఆశపడినచో నేమగునో జోధ్‌పూరు కోట చెప్పును. మెక్సికో ప్రాంతములకు చెందిన తుమ్మజాతి మొక్కను, మనము సర్కారు తుమ్మ యని పిలుచుదానిని, గత శతాబ్ది పూర్వార్ధమున ఎడారిని పచ్చబరచవలెనను సదుద్దేశముతోనే జోధ్‌పూరు సంస్థానము ఆదరించి వ్యాపింపజేసెను. అది వచ్చిన చోట తక్కిన మొక్కలను బ్రతుకనీయలేదు. మెహ్రాన్‌గఢ్ కోట ప్రక్కనున్న సుమారు 70 హెక్టారుల రాతినేలను దాని పట్టునుండి విడిపించి స్వదేశీయములగు ఎడారి మొక్కలతో నింపుటకు 2006లో పూనుకొనిరి. ఆ భారమును వహించిన ప్రదీప్ కిషన్ ఒకప్పుడు చలనచిత్రదర్శకుడు, పిదప వృక్షములే వ్యసనముగా చేసికొన్నవాడు. రాతిలో దిగబడిన తుమ్మవేళ్లు నరకిన కొలది మరల చిగుర్చుచుండగా, ఇసుకరాతి గనులలో తరతరములుగా పనిచేసిన ఖండ్‌వాలియాలు ఉలితో సుత్తితో రాతిని తొలిచి, వేరు మొదలంట తీసివేయు ఉపాయము చూపిరి; రాతిపై సుత్తి పెట్టిన శబ్దమును బట్టి దాని గుణమును పోల్చగలిగిన నేర్పరులు వారు. ఆ గుంతలలోనే ఎడారి మొక్కలు నాటబడినవి. రావ్ జోధా ఎడారి శిలావనము అను పేర అది నేడు ప్రజలకు దర్శనీయస్థలమైయున్నది. జోధ్‌పూరులోనే 1959 నుండి పనిచేయుచున్న కేంద్ర శుష్కమండల పరిశోధనాసంస్థయు, బికనేరులోని శుష్కోద్యాన పరిశోధనాసంస్థయు ఈ కరీరముపై శ్రద్ధ వహించినవి. అనగా నిది కంపయని త్రోసివేయదగినది కాదని శాస్త్రమును అంగీకరించినది.

పెంచు విధానము

ఇప్పుడు మన పెరటికి వత్తము. కరవుసీమ యని మనము వాపోవు అనంతపురమున సగటున 550 మిల్లీమీటర్ల వాన కురియును. జైసల్మేరువాసికి అది సమృద్ధి. కరీరమునకు అవసరమైనదానికంటె నెక్కువ. కావున రాయలసీమయందును, తెలంగాణపు ఎఱ్ఱమెట్టలయందును ఈ మొక్కకు నీటి కొరతచే కలుగు బాధ యుండదు. బాధ యేదైన నున్నచో అది మన యతిప్రేమవలననే. కుండీకి ఉదయము ఒక చెంబు, సాయంత్రము ఒక చెంబు నీరు పోసిననే గాని తృప్తి చెందని గృహస్థులు దీనిని పెంచుటకు ముందు తమ చేతిని కొంత నిగ్రహించుకొనవలెను.

చోటు ఎన్నుకొనుటలో మొదట చూడవలసినది ఎండ. గోడనీడగాని చెట్టునీడగాని పడని స్థలము కావలెను. పొద ముదిరినచో నిలువెత్తును మించి పెరుగును, ప్రక్కలకు సాగును, వేళ్లనుండి పిలకలు వేయును. ముళ్లు జంటలు జంటలుగా నుండును. కావున ప్రహరీగోడకును, పిల్లలు తిరుగు దారికిని రెండు బారల యెడమైన ఉంచుట మేలు. నీరు నిలువని నేల దీనికి ప్రాణము. ఎఱ్ఱగరప నేల, ఇసుకపాలు కలిసిన మొరపనేల మిక్కిలి యనుకూలము. నల్లరేగడియైనచో వానకాలమున బురదయై వేరు కుళ్లును గనుక, రాతిముక్కలతో మొరముతో మోకాలెత్తు దిబ్బ పోసి దానిమీద నాటవలెను. పెంటయెరువు గొయ్యినిండ వేయు మన యలవాటు ఇచ్చట పనికిరాదు. సారము హెచ్చిన కొలది లేతకొమ్మలు బలహీనముగా సాగి పొద తన సహజమైన గట్టిదనమును కోల్పోవును.

విత్తు విషయమున ఒక్క నియమము మరువరాదు. కరీరపు గింజ పాతబడిన కొలది మొలకెత్తు శక్తిని కోల్పోవును. మే, జూను మాసములలో పూర్తిగా పండిన పండ్లను సేకరించి, గుజ్జు కడిగివేసి, గింజలను నీడను ఆరనిచ్చి, ఆలస్యము చేయక విత్తుటయే ఉత్తమము. విత్తుటకు వెడల్పు కుండీలకంటె లోతైన పొడుగు సంచులు మేలు. ఏలయన మొలక పైకి పెరుగుటకు ముందే దాని తల్లివేరు క్రిందికి పరుగిడును, అడుగు తగిలి మెలిపడిన వేరు తరువాత నేలలో నాటినను లోతునకు దిగజాలదు. మూడుపాళ్ల ఇసుకకు ఒకపాలు ఎఱ్ఱమన్ను చాలును. వేసవి వెచ్చదనము వీడకముందే విత్తినచో మొలక త్వరగా కనిపించును. మొదటి సంవత్సరమున మొక్క జానెడైనను ఎదుగకపోవచ్చును; అది చచ్చిపోయినదని పెకలించి చూచుట తొందరపాటు. నేలకు పైన మన కంటికి కనబడు ఎదుగుదల దీనికి గౌణము. మొదటి యేండ్ల శ్రమ యంతయు క్రిందనే జరుగుచుండును. పూతకును కాపునకును కొన్నియేండ్ల ఓర్పు కావలెను. గింజ దొరకనివారు, ఎవరి తోటలోనైన ముదిరిన పొద యున్నయెడల, తొలకరి వానలు పడిన వెంటనే దాని వేరుపిలకను వేరుతో కూడ త్రవ్వి తెచ్చి నాటవచ్చును. కొమ్మ ముక్కలు నాటిన వేరూనుట కష్టము.

నాటిన మొదటి రెండు వేసవులలో మాత్రము నీరు పోయవలెను. అదియు దినదినమును కొద్దికొద్దిగా గాక, పక్షమున కొకమారు నేల లోతుగా తడియునట్లు. పైపైన తడిపిన వేరు పైననే తిరుగును. లోతుగా తడిపి ఆరనిచ్చిన వేరు తడిని వెంటాడుచు క్రిందికి దిగును. అటుపిమ్మట దానిని వానకే వదలివేయవచ్చును. మేకలకు లేతకొమ్మ మిక్కిలి ప్రీతి గనుక మొక్క ముదురువరకు చుట్టును కంప నాటుట అవసరము. కాపు ముగిసిన పిదప ఎండుపుల్లలను కత్తిరించి, మొదట చెత్త చేరకుండ శుభ్రముగా నుంచినచో పాములు దూరునను భయమును ఉండదు. కప్పారిస్ జాతి మొక్కలపై పెరుగు తెల్ల సీతాకోకచిలుకల గొంగళిపురుగులు అప్పుడప్పుడు లేతకొమ్మలను కొరుకును. వానిపై మందు చల్లవలదని నా విన్నపము. పొద తట్టుకొనగలదు, తోటకు సీతాకోకలు మిగులును.

ముళ్లచెట్టు ఇంట నుండరాదను శంక మనవారిలో బలముగా నున్నది. దీనికి ప్రమాణము వరాహమిహిరుని బృహత్సంహిత. గృహసమీపమున ముళ్లచెట్లున్న శత్రుభయమని అందున్నమాట నిజము. కాని ఆ శ్లోకముననే పాలుగారు చెట్లు ధననాశకరములనియు, పండ్లచెట్లు సంతానహానికరములనియు కూడ ఉన్నది. జామ, సపోటా, మామిడి లేని పెరడు మన తెలుగునాట ఎక్కడ నున్నది? ఆ మాటలను సుఖముగా విడిచి, ముళ్లమాట నొక్కదానినే పట్టుకొనుట న్యాయము గాదు. అట్టి చెట్లను కొట్టివేయ నిష్టములేనివారు వాని నడుమ పొన్న, అశోకము, వేప, పొగడ, పనస, జమ్మి మొదలగు శుభవృక్షములను నాటుకొనవచ్చునని ఆ యాచార్యుడే పరిహారము కూడ చెప్పియున్నాడు. శాస్త్రమును నమ్మువారు శాస్త్రము చెప్పిన మార్గముననే కరీరము ప్రక్కన ఒక జమ్మిమొక్కను నాటుకొందురు గాక. తెలంగాణకు రాష్ట్రవృక్షమైన ఆ జమ్మియు ఎడారిలో కరీరమునకు చిరకాల సహవాసియే.

ఇంటిముందు పచ్చిక చాప పరచి, దానిని బ్రతికించుటకై త్రాగునీటిని గొట్టములతో చిమ్ముట నేడు మన నగరములలో గౌరవచిహ్నమైనది. ఎట్టి విచారణయు లేక ఎక్కడినుండియో తెచ్చి వీధివీధిని నాటిన కోనోకార్పసు మొక్కను గుజరాతు ప్రభుత్వము 2023లో నిషేధింపవలసివచ్చుట మనమెఱుగుదుము. త్వరగా పచ్చబడునది మంచిదను తలంపే ఈ పొరపాట్లన్నిటికి మూలమని నా యభిప్రాయము. ఆకు కనబడకపోయినను పచ్చగా నుండు మొక్క యుండునని, మోడువలె తోచునది పూలు పూచి కాయలిచ్చునని పిల్లలకు పెరటిలోనే చూపగలుగుట ఏ ప్రదర్శనశాలయు ఇయ్యలేని చదువు.

అట్లని ఎల్లవారిని కరీరమే నాటుడని నేను బలవంతపెట్టను. కోనసీమవంటి తడినేలలలోను, తీరప్రాంతపు వరిపొలముల నడుమను ఇది సుఖింపదు. అక్కడివారు దీనిని తెచ్చుకొని బాధపెట్టవలసిన పనిలేదు. మెట్టసీమల గృహస్థులు మాత్రము, కరీరపు గింజ దొరికినచో దానిని, దొరకనిచో తమ యూరి గట్టుమీది ఉప్పినో, ఆరుదొండనో, తంగేడునో ఈ తొలకరికి ఒక్కటైన నాటుకొనుడు. అడవిలోని ముదురు పొదను పెకలించి తేవలదు. దాని లోతైన వేరు తెగి అది బ్రతుకదు, అడవికి ఒక పొద తరుగును. గింజ తెచ్చి విత్తుడు, మొదటి రెండు వేసవులు కాచుడు, ఆపైన నీరు పోయక విడువుడు.